ఓట్లు ఎన్ని పడ్డాయని కాదు, ఎవరు వేశారని

ఎక్స్‌లో కొన్ని పోస్టుల కింద చిన్న డబ్బాలో "ఈ వీడియో పాతది, వేరే దేశంలోది" లాంటి నోట్ కనిపిస్తుంది కదా. అది కంపెనీ వాళ్లు రాసేది అనుకుంటారు చాలామంది. కాదు, మనలాంటి యూజర్లు రాస్తారు. 2021 జనవరిలో అమెరికాలో బర్డ్‌వాచ్ పేరుతో మొదలైంది, 2022 చివర్లో కమ్యూనిటీ నోట్స్ అయింది. మన దేశం వాళ్లకి 2024 ఏప్రిల్‌లో, లోక్‌సభ ఎన్నికలకు ముందు అవకాశం ఇచ్చారు.

సరే, నోట్ కరెక్టో కాదో ఎవరు తేలుస్తారు? ఓటింగ్ పెడితే సరిపోదా అంటారేమో. ఒక హీరో సినిమా కలెక్షన్ల మీద దొంగ పోస్టర్ వచ్చిందనుకోండి. "ఇది ఫేక్" అని ఎవరో నోట్ రాశారు. ఆ హీరో ఫ్యాన్స్ వేలల్లో దిగి ఆ నోట్‌ని తొక్కేస్తారు. అంటే ఎవరి ఫ్యాన్స్ ఎక్కువుంటే వాళ్లదే నిజం!

అందుకే ఇక్కడ లెక్క వేరు. మీరు ఇదివరకు ఏ నోట్స్‌కి ఎలా రేటింగ్ ఇచ్చారో చూసి, మీరు ఎటువైపు మొగ్గుతారో సిస్టమ్ అంచనా వేస్తుంది. నోట్‌కి వచ్చిన మద్దతులో "మనోడు కాబట్టి" వచ్చింది ఎంతో పక్కకి తీసేస్తుంది. మిగిలిన స్కోరు 0.40 దాటితేనే, మామూలుగా, నోట్ అందరికీ కనిపిస్తుంది. ఫ్యాన్స్ భాషలో చెప్పాలంటే, రెండువైపుల వాళ్లూ "అవును, ఇది ఉపయోగపడింది" అనాలి. దీని పేరు మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్. బీటెక్ ఫస్టియర్‌లో పాసైతే చాలనుకుని వదిలేసిన మ్యాట్రిక్సులే! కోడ్, డేటా రెండూ పబ్లిక్‌గా ఉన్నాయి, కావాలంటే డౌన్‌లోడ్ చేసి చూసుకోవచ్చు. 2025 జనవరిలో మెటా కూడా అమెరికాలో ఫ్యాక్ట్‌చెకర్లను తీసేసి ఇదే దారి పడతామని ప్రకటించింది.

నాకైతే ఐడియా నచ్చింది, కానీ ఫ్యాక్ట్‌చెకర్లు అక్కర్లేదనడం మాత్రం నచ్చలేదు. ఎందుకంటే రెండువైపులా ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది. పుకారుకి అంత టైమ్ అక్కర్లేదు, నోట్ వచ్చేలోపు ఊరంతా చుట్టేస్తుంది. బాగా గొడవ ఉన్న విషయమైతే ఒప్పందమే కుదరదు, నోట్ లోపలే ఉండిపోతుంది. నిజానికి రాసిన వాటిలో ఎక్కువ నోట్స్ బయటికి రానే రావు. ఇక తెలుగు పోస్టు సంగతి ఆలోచించండి. తెలుగు చదవగలిగిన వాళ్లు, అందులోనూ రెండు పార్టీల వాళ్లు, వచ్చి రేటింగ్ ఇస్తేనే కదా లెక్క తేలేది?

చేరడానికి అకౌంట్ తెరిచి ఆరు నెలలు దాటాలి, ఫోన్ నంబర్ వెరిఫై అయ్యుండాలి. రాగానే నోట్ రాయనివ్వరు. ముందు వేరేవాళ్ల నోట్స్‌కి రేటింగ్ ఇవ్వాలి. మీ రేటింగ్, చివరికి తేలిన ఫలితం కలిస్తే పాయింట్లు వస్తాయి, 5 వస్తే రాయొచ్చు. ఇక్కడే నాకో డౌటు: పాయింట్ల కోసం జనం నిజమనిపించింది నొక్కుతారా, గెలుస్తుందనిపించింది నొక్కుతారా? మీరేమంటారో కామెంట్లో చెప్పండి.