బాలి ద్వీపపు మగ్గము - మన ఆసు

(గ్రంథాలయ రజతోత్సవముల సందర్భమున జరిగిన మహిళా సమావేశములో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయపు పండుగలో నిన్నటినుండి పెద్దలు సాహిత్యమును గూర్చియు, చరిత్రను గూర్చియు ప్రసంగించుచున్నారు. నన్ను మాత్రము నూలును గూర్చి చెప్పుమనిరి. మగ్గము గల ఇంట పుట్టి, ముప్పదియేండ్లు బడిపిల్లలకు పాఠములు చెప్పినదానను గనుక ఈ ఏర్పాటు నాకు సంతోషమే. గత వేసవిలో మరి నలుగురు స్త్రీలతో కలిసి ఇండోనీషియా దేశమునకు పోయి, అక్కడి నేతపనివారి నడుమ పదునొకండు దినములు గడపి వచ్చితిని. చూచినదంతయు చెప్పబూనినచో తెల్లవారును. అందుచేత ఒక్క గ్రామమును గూర్చి విస్తరముగ చెప్పి, తక్కినవానిని స్పృశించి విడిచెదను.

ముందొక మాట. మన చీరలకు అంటించు చీటీపై ‘ఇక్కత్’ అని అచ్చువేయుదురు. ఆ మాట మనది కాదు. మలయా, ఇండోనీషియా భాషలలో దానికి కట్టుట, ముడివేయుట అని అర్థము. మన పెద్దలు ‘చిటికి’ అనిరి. పేరేదైనను పని యొక్కటియే: నేయుటకు ముందే దారమును లెక్కప్రకారము కట్టి, రంగులో ముంచి, కట్టు విప్పుట. కట్టు క్రింద రంగు చొరదు; అదియే పువ్వగును, అదియే చిలుక యగును. మగ్గముపై కనబడు బొమ్మ యంతయు మగ్గమెక్కకమునుపే దారములో దాగియుండును. ఈ కిటుకు మీకు నేను చెప్పవలసినది కాదు. ఇక్కడ కూర్చున్నవారిలో సగముమంది వ్రేళ్లకు రబ్బరు పట్టీల గుర్తులున్నవి.

మేము మొదట జావా ద్వీపమున దిగితిమి. యోగ్యకర్త నగరమున బాతిక్ పని చూచితిమి. చిన్న రాగిగిన్నెకు సన్నని ముక్కు గల ‘చాంతింగ్’ అను సాధనముతో కరగిన మైనమును బట్టపై పోసి గీతలు గీయుదురు. మన కాళహస్తి కలమును తలచుకొంటిని. ఇండోనీషియా బాతిక్‌ను 2009లో యునెస్కో మానవజాతి సంస్కృతీ వారసత్వముల జాబితాలో చేర్చినది. ఆ దేశమునకు మన తీరపు బట్ట క్రొత్తది కాదు. పదునేడవ శతాబ్దిలో డచ్చి వర్తకులు మచిలీపట్టణమున స్థావరమేర్పరచుకొని, మన అద్దకపు బట్టలను ఓడలపై ఆ దీవులకు గొనిపోయి, వానికి మారుగ లవంగములు, జాజికాయలు తెచ్చుకొనిరి. మన మామ్మల పోపులపెట్టెలోని లవంగమునకు వెల యొకప్పుడు మన బట్టయే!

ఇక ఆ గ్రామమును గూర్చి. బాలి ద్వీపపు తూర్పుభాగమున, కరంగాసెమ్ ప్రాంతములో, కొండల నడుమ టెంగనాన్ అను ఊరు కలదు. ఊరిచుట్టు గోడ, నడుమ రాళ్లు పరచిన వెడల్పు వీథి, ఇరుప్రక్కల వరుసగా ఇండ్లు. అక్కడ నేయు బట్టపేరు ‘గెరింగ్‌సింగ్’. గెరింగ్ అనగా వ్యాధి. సింగ్ అనగా లేదు. ఆ బట్ట కట్టినవారికి వ్యాధి రాదని వారి విశ్వాసము. అది నిజమా యని నన్నడుగకుడు. నాకు చూడవలసినది పడుగును, పేకయు.

మన చీరలలో పెక్కింటికి పేకనో పడుగునో ఒక్కదానిని కట్టుదుము. టెంగనాన్‌లో రెండును కట్టుదురు. పడుగులోని ఎరుపు పేకలోని ఎరుపుపైననే పడవలెను. ఒక్క దారము జరిగినను బొమ్మ చెదరును. ఇట్లు రెండు వైపుల కట్టి నేయు విద్య లోకమున కొద్దిచోట్లనే కలదు. గుజరాతులోని పటాన్ పటోలా ఒకటి, ఈ టెంగనాన్ బట్ట ఒకటి. మూడవదానికై దూరము పోనక్కరలేదు. మన పుట్టపాక తేలియా రుమాలే అది. చీరాల వైపునుండి గత శతాబ్ది ఆరంభకాలమున ఈ విద్య మన ప్రాంతమునకు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. 2020లో ఆ రుమాలునకు భౌగోళిక గుర్తింపు లభించినది.

అక్కడ మగ్గమునకు గుంట లేదు. స్త్రీ నేలపై కాళ్లు చాచి కూర్చుండి, మగ్గపు కొసను నడుమునకు పట్టీతో బిగించుకొనును. వెనుకకు వంగిన పడుగు బిగియును; ముందుకు వంగిన సడలును. ఆమె దేహమే మగ్గములో సగము. నాలుగు పేకలు వేసి ఆగును; ఎముకతో చేసిన సూదివంటి పుల్లతో ఒక్కొక్క దారమును లాగి, తోసి, బొమ్మ కలియునట్లు సరిదిద్దును. మరల నాలుగు పేకలు. నేను గంటసేపు కూర్చుండి చూచితిని. వ్రేలెడు బట్టయైనను పెరుగలేదు!

రంగుల సంగతి మరింత చిత్రము. నూలును మొదట కెమిరి యను గట్టిపెంకు గింజల నూనెలోను, కట్టెబూడిద తేటలోను నెలకు మించి నానవేయుదురు. నూనె పట్టిన నూలు ఎరుపును త్రాగును. పట్టని నూలున ఆ ఎరుపు నిలువదు. ఎరుపు వచ్చునది మన తొగరుచెట్టు జాతికి చెందిన చెట్టు వేరిపట్టనుండి. ఒక్క మునకతో ముదురురంగు రాదు; ముంచి, ఆరబెట్టి, నెలలు విడిచి, మరల ముంచవలెను. నీలిమందు పని ఆ ఊర చేయుట నిషిద్ధమట. అందుకై నూలును పొరుగుననున్న బుగ్‌బుగ్ గ్రామమునకు పంపుదురు. ఇట్లొక బట్ట ముగియుటకు రెండేండ్లు, మూడేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును.

తిరిగివచ్చిన పిదప ఒక ఆదివారము ఈ హాలులోనే బల్లలు జరిపి చాప పరచితిమి. నేను తెచ్చిన జానెడు వెడల్పు గుడ్డను, ఒక చిన్న నూలుచిలపను మన ఆడవారి చేతులలో పెట్టితిని. ఇరువదిమందికి పైగా వచ్చిరి. తేలియా పని చేసిన ఇంటి అవ్వ యొకతె గుడ్డ వైపు చూడనైన చూడక, చిలపను ముక్కునకు తాకించి, “ఇది మన నూనె వాసనే బిడ్డా” అనెను. మన తేలియాకు ఆముదపుకాయల బూడిదనీటిలో నూనె కలిపి నూలును నానవేయుదురు గదా! సముద్రము దాటి పోయి నేను పదునొకండు దినములలో తెలిసికొన్నదానిని ఆమె ఒక్క ఊపిరిలో పట్టుకొనినది.

అప్పుడొక కోడలుపిల్ల అడిగిన ప్రశ్న నన్నింకను విడువలేదు. “మూడేండ్లు ఒక్క బట్ట నేసే తల్లి ఏం తింటది టీచరమ్మా?” అనెను. సభలలో ఇట్టి ప్రశ్నలు పెద్దలెవ్వరును అడుగరు! నేను చెప్పిన సమాధానమిది. టెంగనాన్ గ్రామమునకు ఊరుమ్మడి భూములున్నవి. వరిపొలములను పొరుగువారు పాలునకు చేయుదురు. పంటలో భాగము ఊరికి వచ్చును. వారి మగ్గము వెనుక ధాన్యము కలదు. మన మగ్గము వెనుక వారము వారము వచ్చు కూలి తప్ప వేరేమియు లేదు. 1951లో భూదానము పుట్టిన పోచంపల్లికి కూతవేటు దూరమున కూర్చుండి ఈ మాట చెప్పుకొనుట కొంత చోద్యముగనే యున్నది. కావున వారివలె నిదానముగ నేయుడని మీకు చెప్పుటకు నాకు నోరు రాదు. పైగా వారి స్థితియు పూలపాన్పు కాదు. అమ్మకము యాత్రికులపై ఆధారపడినది. 2020లో మహమ్మారి వలన విదేశీయుల రాక నిలిచిపోగా, ఆ ద్వీపమున యాత్రికులను నమ్ముకొన్న పనులెల్ల కుంటువడినవి.

అయినను ఒక విషయమున వారు మనకంటె ముందున్నారు. టెంగనాన్‌లో ఈ నేత స్త్రీల విద్య. ఆడపిల్ల తల్లి ప్రక్కన కూర్చుండి కట్టుట, లెక్కించుట, నేయుట అన్నియు నేర్చును. అరుగుపై బట్ట చూపించి ధర చెప్పునది నేసిన స్త్రీయే. మన ఇండ్లలో నూలు తోడునది, కండెలు చుట్టునది, ఆసు పోయునది, చిటికి కట్టునది స్త్రీ. అడిగినవారికి మాత్రము “మా ఆయనకు సాయపడుచున్నాను” అని చెప్పును! 2019-20లో జరిగిన నాలుగవ అఖిలభారత చేనేత గణనలో నేతపనివారు, అనుబంధ పనివారు కలిసి 35 లక్షలకు పైగా తేలిరి. వారిలో నూటికి 70 మందికి మించి స్త్రీలే. ఇది సాయమా? సాయమే అయినచో ఎవరు ఎవరికి సాయపడుచున్నట్లు?

ఆసు సంగతియే చూడుడు. అర్ధచంద్రాకారముగ నాటిన పుల్లల చుట్టు నూలు త్రిప్పుటకు ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఆడవలెను. ఆ భుజపు నొప్పిని తన తల్లి లక్ష్మమ్మగారియందు చూచి ఓర్వలేక, మన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు 1999లో ఆసుయంత్రమును నిర్మించిరి. దానికి తల్లి పేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఆ యంత్రము పేరిట ఒక తల్లి పేరు నిలిచినది. అంతకు ముందు తరతరములుగ చేయి అరగదీసికొన్న తల్లుల పేర్లు ఏ పుస్తకమునను లేవు.

అందుచేత కార్యవర్గమువారిని నేనొక కోరిక కోరితిని, వారు సమ్మతించిరి. గ్రంథాలయమున ఒక దళసరి పుస్తకము పెట్టబడినది. మన ఊర నూలుపని చేయు ప్రతి స్త్రీ పేరు, ఆమె నేర్చిన పని, ఆమెకు తెలిసిన కట్టుబొమ్మల పేర్లు, వాని లెక్క అందులో వ్రాయబడును. వ్రాయలేనివారు చెప్పిన నేను వ్రాయుదును. గళ్లకాగితముపై బొమ్మ గీయుట మన ఇండ్లలో ఇంతవరకు మగవారి విద్యగనే యున్నది. ఆదివారము మధ్యాహ్నములందు దానిని స్త్రీలకు నేర్పుటకు ఇద్దరు పనివారు ఒప్పుకొనిరి. ఒకరిద్దరు అత్తలకు ఇది నచ్చలేదని వినుచున్నాను. వారిని కూడ రమ్మని పిలుచుచున్నాను. వారి చేతిలోని లెక్కలే మాకు ముందుగ కావలెను.

ఇప్పటికి ఆ పుస్తకమున పదునాలుగు పేర్లెక్కినవి. మొదటి పేరు నూలును వాసన చూచిన అవ్వది. ఆమె చెప్పిన బొమ్మలు తొమ్మిది. అందు రెండింటిని ఇప్పుడు మన ఊర నేయువారు లేరు. పుస్తకము పత్రికలబల్ల ప్రక్క బీరువాలో పైయరలో నున్నది. సాయంకాలము ఐదుగంటలనుండి ఎనిమిదివరకు తలుపు తెరచియుండును.