వాళ్ళు ఏ ఇంటి బిడ్డలు?



ధర్మవరం స్టేషన్లో చెయ్యి చాచే హిజ్రాలను మనమంతా చూస్తున్నాము. ఏ ఇంట పుట్టారని ఎప్పుడైనా ఆలోచించామా? పుట్టుకతోనే ఆడో మగో తేలని శిశువులు కొందరు. వారసత్వంలో వారి వాటాను మన ఫిఖ్హ్ గ్రంథాలు "ఖున్సా" అనే పేరుతో ఏనాడో చర్చించాయి. మరికొందరికి దేహం మగది, మనసు ఆడది. లేదా అందుకు విరుద్ధం. ఇది వేషం కాదు, చెడు సావాసమూ కాదు. కొడితే పోయేది అంతకంటే కాదు.

1919లో, అంటే 1329 ఫసలీలో, నిజాం రాజ్యంలో వీరి పేర్లు రిజిస్టరుకెక్కించే చట్టం వచ్చింది. ఆడ దుస్తులతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే అరెస్టు! మన ప్రాంతం అప్పుడు మద్రాసు కింద ఉండేది గనుక అది మనకు అంటలేదు లెండి. తాను ఆడో మగో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. అయినా ఆ పాత చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో గాని కొట్టివేయలేదు.

తీర్పులతో ఇంటి తలుపు తెరుచుకుంటుందా? హిందూపురంలో నాకు తెలిసిన ఒక ఖాలా కొడుకు ఇల్లు విడిచి చాలా ఏండ్లయింది. పెనుకొండ బాబయ్య ఉరుసులో చీర కట్టుకొని కనిపిస్తే, భర్తకు తెలియకుండా చేతిలో ఖర్జూరాలు పెట్టి వచ్చిందట. "ఇంటికి రా అనలేకపోయాను భాయ్‌సాబ్" అని నా దగ్గర ఏడ్చింది. రంజాను లోపల ఆ తండ్రితో మాట్లాడాలని ఉంది. పెద్దలెవరైనా నాతో వస్తారా?