నాజరు బుర్రకథా దళము



పత్తి తీసి, మిరపకాయలు కల్లములలో ఆరబోసిన పిదప, రాత్రివేళ రామమందిరము ముంగిట బుర్రకథ వినుట మన గుంటూరు సీమ పల్లెలకు చిరకాలపు వేడుక. ఆ కథకు ఆంధ్రదేశమంతట గౌరవము దెచ్చిన యొక దళమును గూర్చి నేడు ప్రసంగింపదలచితిని. దాని నాయకుడు షేక్ నాజరు. అయితే ఒక్క నాయకుని పొగడుట నా యుద్దేశము గాదు. ముగ్గురు కలిసి నడపు ఈ కళ దేనివలన నిలుచును, దేనివలన క్షీణించును అను సంగతి మీ యెదుట నుంచుటయే నా తలంపు.

బుర్రకథకు పూర్వరూపము జంగముకథ. నడుమ కథకుడు నిలుచును. అతని భుజమున తంబుర, వ్రేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. ఇరుప్రక్కల నిద్దరు వంతలు గుమ్మెటలు వాయించుచు ‘తందాన తాన’ యని వంత పాడుదురు. కుడివైపు వంత కథను నాటి లోకవ్యవహారమునకు ముడిపెట్టును. ఎడమవైపు వంత నవ్వించును. కథకుడు రాజుల శౌర్యమును వర్ణించుచు సాగిపోవునప్పుడు, ‘ఆగుమయ్యా, అదెట్లు?’ అని నిలదీయువాడు వంతయే. అరుగుమీద గూర్చున్న రైతు మనసులోని సందేహమే వేదిక నెక్కి మాటలాడుచున్నదన్నమాట. హరికథలో భాగవతు డొక్కడే కథ నడపును. బుర్రకథలో నట్లు గాదు. అడుగువాడు లేనిచో చెప్పువాడు లేడు.

మన ప్రాంతమునకు కథాగానము క్రొత్త గాదు. కారెంపూడి వీరుల తిరునాళ్లలో వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడుట మీరెరిగినదే. అట్టి నేలపై, తాడికొండకు చేరువనున్న పొన్నెకల్లు గ్రామమున, 1920వ సంవత్సరమున నాజరు జన్మించెను. అతనిది దూదేకుల కుటుంబము. పత్తి నేకి దూది చేయుట వారి కులవృత్తి. ఆ వృత్తిని దెలుపు ‘పింజారి’ యను మాటను మనవారు తిట్టుగా వాడుట విచారకరము. నాజరు తరువాతికాలమున తన జీవితకథను చెప్పి వ్రాయించినప్పుడు, దానికి ఆ పేరే పెట్టెను. లోకము తిట్టుగా విసరిన మాటను ఆయన బిరుదుగా ధరించెను.

బాల్యమున పేదరికము ననుభవించుచునే యతడు సంగీతము నభ్యసించెను; నాటకములలో వేషములు వేసెను. 1943లో బొంబాయి నగరమున భారత ప్రజానాట్య సంఘము వెలసెను. ఆ యేటనే వంగదేశమున క్షామము వచ్చి లక్షలాది జనులు మడిసిరి. ఆ రోజులలోనే ఆంధ్రమున డాక్టరు గరికపాటి రాజారావు మొదలగువారు ప్రజానాట్యమండలిని నడపసాగిరి. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ యను బుర్రకథను రచించెను. దేవతల కథలకు, రాజుల కథలకు అలవాటుపడిన తంబుర కూలివాని కథను జెప్పుట నేర్చెను. మోటూరి ఉదయము మొదలగు స్త్రీలును దళములు గట్టి వేదిక నెక్కిరి. పురుషులకే చెల్లునని తలచిన కళలో ఇది గొప్ప మార్పు.

ఈ యుద్యమములోనే నాజరు దళము ప్రసిద్ధి కెక్కెను. కర్నాటి లక్ష్మీనరసయ్య, రామకోటి యాయనకు వంతలుగా నుండిరి. నాజరు వంగదేశపు కరవును కథగా జెప్పెను. పల్నాటి యుద్ధమును, బొబ్బిలి యుద్ధమును, అల్లూరి సీతారామరాజు చరిత్రను బుర్రకథలుగా ఊరూర వినిపించెను. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై గూర్చుండబెట్టి భోజనము పెట్టించిన చాపకూటి ఘట్టమున్నది. తక్కువగా జూడబడిన కులమున బుట్టినవాడు ఆ ఘట్టమును పాడినప్పుడు, వినువానికి వేరుగా నీతి బోధింప నక్కరలేదు. కథ చెప్పు మనుష్యుడే ఆ నీతికి సాక్ష్యమగును.

1940వ దశకపు తుదియేండ్లలో ప్రభుత్వ నిర్బంధము వలన ఇట్టి దళములు పెక్కు చెదరెను. అయినను నాజరు తంబుర దింపలేదు. దశాబ్దముల పాటు కథలు చెప్పెను, శిష్యులను తయారుచేసెను. 1986లో భారత ప్రభుత్వ మాయనకు పద్మశ్రీ బిరుదము నిచ్చెను. 1997లో ఆయన పరమపదించెను.

ఇక మన సంగతి. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వ ప్రచార శాఖలు కుటుంబ నియంత్రణము, పొదుపు మొదలగు విషయములకు బుర్రకథను వాడుకొనెను. కళాకారులకు కొంత జీవనము దొరికెను. ఆ మేలును నేను కాదనను. కాని ఒక నష్టమును గలిగెను. ప్రచారకథలో వంత ప్రశ్నింపడు. చెప్పినదానికెల్ల తల యూచును. ప్రశ్న పోయిన వెంటనే వినువానికి కథతో సంబంధము తెగిపోవును. బుర్రకథ క్షీణించుటకు సినిమాను, యంత్రపు పాటలను మాత్రమే నిందించుట న్యాయము గాదు. వంత నోరు మూసిన పాప మంతకంటె పెద్దదని నా యభిప్రాయము.

కావున గ్రామ పెద్దలకు నా మనవి మూడు మాటలు. తిరునాళ్లకు, నవమి పందిళ్లకు దళమును బిలిచినప్పుడు అరగంటలో ముగింపుమని తొందరపెట్టకుడు. కథకు పూర్తి రాత్రి నిండు. సంభావన ముగ్గురికిని సమముగా నిండు. గుమ్మెట వాయించువాని యింట ఆకలి యున్నచో తంబుర యెంతకాలమో మ్రోగదు. వంత మన యూరి నీటి సంగతియో, పత్తి ధర సంగతియో, పెద్దల పక్షపాతమో యెత్తి పరిహాసము చేసినయెడల కోపగింపకుడు. ఆ పరిహాసమును సహింపగల యూరిలోనే యీ కళ బ్రదుకును.

నాజరు వంటివాడు మరల బుట్టుట మన చేతిలో లేదు. ప్రశ్నించు వంతకు చోటిచ్చుట మాత్రము మన చేతిలోనిదే.