తిరువనంతపురంలో డాక్యుమెంటరీల పండుగ



డాక్యుమెంటరీలు తీసేవాళ్లు మన దేశంలో చాలామందే ఉన్నారు. వాటిని పెద్ద తెర మీద చూపే చోట్లే తక్కువ. ఆ కొరత తీర్చే ఊళ్లలో తిరువనంతపురం ఒకటి. కేరళ చలచిత్ర అకాడమీ 2008లో అక్కడ అంతర్జాతీయ డాక్యుమెంటరీ, లఘుచిత్రోత్సవం మొదలుపెట్టింది. ఎక్కువగా వానాకాలంలో జరుగుతుంది. తంపానూరులోని కైరళి, శ్రీ, నిళ థియేటర్లు వేదిక. పేరు నమోదు చేసుకుని పాసు తీసుకుంటే ఎవరైనా చూడొచ్చు.

సెన్సార్ సర్టిఫికెట్ లేని సినిమాను ఉత్సవంలో వేయాలంటే కేంద్ర సమాచార, ప్రసార శాఖ మినహాయింపు ఇవ్వాలి. 2017లో మూడు చిత్రాలకు ఇవ్వలేదు. అందులో ఒకటి మన హైదరాబాద్ గురించే. పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాత కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సాగిన ఆందోళన మీద పి.ఎన్. రామచంద్ర తీసిన చిత్రమది. 2019లో ఆనంద్ పట్వర్ధన్ ‘వివేక్’కూ అదే అడ్డంకి ఎదురైంది. అంతకు ముందు ఏడాదే ఆమ్‌స్టర్‌డామ్ ఉత్సవంలో ఉత్తమ డాక్యుమెంటరీగా నిలిచిన సినిమాకు! ఈసారి వ్యవహారం కేరళ హైకోర్టుకు వెళ్లింది. ప్రదర్శనకు కోర్టు అనుమతిచ్చింది. నా దృష్టిలో ఈ ఉత్సవ చరిత్రలో అదే గొప్ప ఘట్టం.

సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ నేరుగా తిరువనంతపురం వెళ్తుంది. సినిమా నేర్చుకుంటున్న మన పిల్లలు ఒక్కసారైనా ఆ రైలెక్కి, ఆ ఉత్సవం చూసి రావాలని నా మనవి.