కాగితంలో పేరెవరిది?

(మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగం మానేసి, రెండు మిషన్లు కొని కుట్టుపని మొదలుపెట్టిన నెలలోనే నేను హైదరాబాదులో అద్దె ఇంటికోసం తిరిగాను. ఏడాది అద్దెకు సరిపడా డబ్బు బ్యాంకులో ఉంది. పాస్‌బుక్ చూపిస్తే ఇంటాయన తెరిచైనా చూడలేదు. "జీతం స్లిప్పు ఉందా? మీవారేం చేస్తారు? పోనీ, మీ నాన్నగారిని తీసుకురామ్మా" అన్నాడు. మరొకాయన ఆరు నెలల అద్దె అడ్వాన్సు అడిగాడు. అదంతా ఇచ్చేస్తే పనికి పెట్టుబడి ఏది?

చివరకు ఇల్లు దొరికింది, తమ్ముడి పేరు మీద. అద్దె కట్టేది నేను. కాగితంలో, రసీదులో పేరు వాడిది. రేపు ఖాళీ చేయమంటే, చట్టం దృష్టిలో నేనెవర్ని?

రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో వివక్షను నిషేధించింది. అద్దె ఇళ్ల ఊసు అందులో లేదు. 2021లో కేంద్రం ఆమోదించిన మాదిరి అద్దె చట్టం, నివాసపు ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంది. కానీ అది మాదిరి మాత్రమే; రాష్ట్రాలు చట్టం చేస్తేనే అమలు.

ఆ చట్టం కోసం అడుగుదాం. ఈలోగా ఒంటరి స్త్రీ ఇల్లు వెతుక్కుంటే తండ్రినో తమ్ముణ్ణో కాదు, మన సంఘం సభ్యులను సాక్షులుగా నిలబెడదాం. ఒప్పందమూ, అడ్వాన్సు రసీదూ ఆమె పేరునే రాయిద్దాం. కష్టపడి కూడబెట్టిన డబ్బుకు మగవాడి పూచీ ఎందుకు?