ఒక్క చుక్కైనా చెప్పాలి

(కృష్ణపట్నంలో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, బి.పి., షుగరు గురించి చెబుతానని అనుకున్నట్టున్నారు. ఆడవాళ్ళ జబ్బుల గురించి చెబుతానంటే ఒక క్షణం ఆగి, "సభలో మగవాళ్ళు కూడా ఉంటారు కదమ్మా" అన్నారు. "అందుకేనండీ" అన్నాను. మన ఇళ్ళలో ఆస్పత్రికి వెళ్ళాలంటే ఆటో మాట్లాడేదీ, హెల్త్ కార్డు బీరువాలోంచి తీసేదీ ఎక్కువగా మగవాళ్ళే. వాళ్ళ చెవిన పడని జబ్బుకు వైద్యం ఆలస్యమవుతుంది. కాబట్టి మగవాళ్ళెవరూ టీ కోసం లేవవద్దని మనవి.

నేను చెప్పదలచినది ఒక్కటే మాట. ముట్లు ఆగిపోయి ఏడాది దాటిన తరువాత ఒక్క చుక్క రక్తం కనబడినా, అది ఒక్కసారే కనబడి ఆగిపోయినా, దాచకుండా చెప్పాలి, చూపించుకోవాలి. ఆ చూపించుకోవడం ఇప్పుడు మీరు భయపడేంత పెద్ద పని కాదు. చాలామందికి ఆస్పత్రిలో మంచం కూడా అవసరం లేదు.

చాలా ఏళ్ళ క్రితం, నేను ఈ జిల్లాలో పనిచేస్తున్న రోజుల్లో, ఈ సముద్రతీరం వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. భర్త రిటైరైన ఉపాధ్యాయుడు. "ఎప్పట్నించమ్మా?" అని అడిగితే, "రెండు సంక్రాంతులయింది డాక్టరమ్మా. మనవరాలి పెళ్ళి అయిపోనీ, తర్వాత వద్దామనుకున్నా" అంది. బయట బల్ల మీద కూర్చున్న ఆ మేష్టారికి అప్పటికీ సంగతి తెలియదు. కాళ్ళనొప్పులకు చూపించడానికి తీసుకువచ్చాననే అనుకుంటున్నారు. గర్భసంచిలో పుట్టిన క్యాన్సరు అప్పటికే సంచి దాటిపోయింది. చెన్నై పంపించాము. ఏడాది తిరక్కుండానే ఆవిడ పోయింది. తరువాత ఒకసారి మేష్టారు నా దగ్గరకు వచ్చి, "నాకు ఒక్క మాట చెప్పి ఉంటే సెలవు పెట్టి తీసుకొచ్చేవాణ్ణి గదమ్మా" అన్నారు. ఆయన రిటైరై అప్పటికి అయిదేళ్ళు. దుఃఖంలో సెలవు పెట్టే అవసరం లేదన్న సంగతి కూడా మరచిపోయారు.

ఆవిణ్ణి తప్పుపట్టే అర్హత నాకు లేదు. నాకు అరవైమూడో ఏట ఒక ఉదయం అదే మచ్చ కనబడింది. ముప్పై ఏళ్ళు వేలమందికి "వెంటనే రావాలమ్మా" అని చెప్పినదాన్ని, పదిహేను రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎండ వేడి అనుకున్నాను, బరువెత్తాననుకున్నాను. పదహారో రోజు మావారికి చెప్పాను. ఆయన చొక్కా తొడుక్కుంటూ, "ఎవరి దగ్గరికి పోదాం?" అన్నారు, అంతే.

ఒకప్పుడు నా దగ్గర శిక్షణ పొందిన అమ్మాయి దగ్గరకే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకున్నాను. ముందు స్కానింగు. పొట్ట మీదనుంచి కాకుండా, యోనిమార్గం ద్వారా సన్నని పరికరంతో చేసేది. గర్భసంచి లోపలి పొర ఎంత మందంగా ఉన్నదీ దానిలో తెలుస్తుంది. ముట్లు ఆగిపోయినవారిలో అది 4 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే క్యాన్సరు ఉండే అవకాశం చాలా తక్కువ. రక్తం మళ్ళీ మళ్ళీ కనబడితే మాత్రం స్కానింగు బాగున్నా ఊరుకోకూడదు. నాకు 9 ఉంది. లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపాలన్నమాట.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ముక్క తీయాలంటే మత్తు ఇచ్చి, ఆపరేషన్ థియేటరులో గీకేవాళ్ళం. 1984లో కోర్నియే అనే ఫ్రెంచి వైద్యుడు పిపెల్ అనే సన్నని ప్లాస్టిక్ గొట్టం గురించి ప్రకటించాడు. ఇంచుమించు మూడు మిల్లీమీటర్ల లావు. దాన్ని లోపలికి పంపి, మధ్యనున్న పుల్లను వెనక్కి లాగితే లోపలి పొర తునకలు గొట్టంలోకి వస్తాయి. కొన్ని నిమిషాల పని. నొప్పి ఉండదని నేను అబద్ధం చెప్పను. నెలసరి నొప్పి లాంటిది వస్తుంది, కొందరికి గట్టిగానే వస్తుంది. గంట ముందు డాక్టరు చెప్పిన నొప్పి మాత్ర వేసుకుంటే మేలు. భరించలేకపోతే "ఆపండి" అనే హక్కు మీకుంది. అలాంటివారికి మత్తు ఇచ్చి చేస్తారు.

తరువాత హిస్టెరోస్కోపు అనే సన్నని దుర్భిణి గొట్టంతో లోపల చూశారు. చిన్న పాలిప్, అంటే కండ పెరుగుదల, కనబడింది. అక్కడికక్కడే తీసేశారు. ఉదయం తొమ్మిదింటికి వెళ్ళినదాన్ని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చాను. రిపోర్టు రావడానికి పట్టిన వారం రోజులు మాత్రం చాలా పొడుగ్గా గడిచాయి. చివరకు క్యాన్సరు కాదని వచ్చింది.

ఇందులో ఒక విచిత్రముంది. వైద్య చరిత్రలో గర్భసంచి లోపలికి గొట్టం పెట్టి మొదట చూసినవాడు పాంటలియోని అనే వైద్యుడు, 1869లో. ఆయన చూసినది అరవై ఏళ్ళ స్త్రీని. ఆమెకు ముట్లు ఆగిపోయాక రక్తం కనబడుతోంది. లోపల పాలిప్ కనబడితే సిల్వర్ నైట్రేటుతో కాల్చాడు. పేరు తెలియని ఆ పెద్దావిడ నోరు విప్పి చెప్పింది కాబట్టే ఆ వైద్యం మొదలైంది.

ఇలా రక్తం కనబడినవారిలో ఇంచుమించు నూటికి తొమ్మిది మందికి మాత్రమే క్యాన్సరు బయటపడుతుంది. మిగతావారిలో పాలిప్పో, పొర పలచబడటమో, మరో చిన్న కారణమో ఉంటుంది. ఇంకో లెక్క కూడా వినండి. గర్భసంచి లోపలి పొర క్యాన్సరు వచ్చినవారిలో నూటికి తొంభైమందికి ఈ రక్తమే కనబడుతుంది. ఈ జబ్బు ముందుగానే గంట కొట్టి వస్తుంది. ఆ గంట విని త్వరగా వస్తే చాలామందికి నయమవుతుంది. స్థూలకాయం, షుగరు ఉన్నవారూ, రొమ్ము క్యాన్సరుకు టామోక్సిఫెన్ మాత్రలు వాడుతున్నవారూ మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇక గర్భాశయ ముఖద్వార క్యాన్సరు. దీన్ని రాకముందే పట్టుకోవచ్చు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నే పలచగా కలిపి ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తే తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. ముంబయిలో టాటా మెమోరియల్ ఆస్పత్రివారు 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో మురికివాడల స్త్రీలకు రెండేళ్ళకొకసారి ఇదే పరీక్ష చేయించారు. చేసినది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు. పన్నెండేళ్ళకు చూస్తే ఈ క్యాన్సరు మరణాలు 31 శాతం తగ్గాయి. మన దేశంలో 30 నుంచి 65 ఏళ్ళవారికి అయిదేళ్ళకొకసారి ఈ పరీక్ష చేయాలని ప్రభుత్వ నియమం. మీ కూతుళ్ళకూ కోడళ్ళకూ చెప్పండి. ముట్లు ఆగినవారిలో మాత్రం ఇది అంత నమ్మదగినది కాదు. వారికి పాప్ పరీక్షో, హెచ్‌పీవీ పరీక్షో చేయించాలి.

మరో బాధ గర్భసంచి జారడం. ఇరవై ఏళ్ళుగా గోచీ బిగించి నెట్టుకొస్తున్న అవ్వలను చూశాను. ఆపరేషనుకు గుండె సహకరించనివారికి రింగ్ పెసరీ అనే వలయం ఓపీలోనే అమరుస్తారు. కొన్ని నెలలకొకసారి తీసి, శుభ్రం చేసి, పుండు పడిందేమో చూసి మళ్ళీ పెడతారు. అమర్చిన అయిదు నిమిషాలకు ఒక అవ్వ వరండాలో అటూ ఇటూ నడిచి చూసుకుని, "ఇంత సులువైన దానికి ఇన్నేళ్ళు మోశానా తల్లీ" అంది.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. చూపించుకోకపోవడం ఒక తప్పయితే, ప్రతిదానికీ సంచి తీయించుకోవడం మరో తప్పు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఈ పెద్దాపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. తెల్లబట్టకూ, నడుంనొప్పికీ కూడా సంచి తీయించుకున్నవారిని నేనెరుగుదును. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలకూ గుండెకూ ముప్పు. అనవసరమైన ఈ ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. బిడ్డల తల్లికి రక్తస్రావం ఎక్కువైతే మాత్రలున్నాయి, అయిదేళ్ళకు పైగా పనిచేసే హార్మోను లూపు ఉంది. క్యాన్సరో, మరో గట్టి కారణమో ఉంటే ఆపరేషను ప్రాణం నిలబెడుతుంది, సందేహం లేదు. "ముక్క పరీక్ష చేశారా? వేరే దారి లేదా?" అని మాత్రం అడగండి. వీలైతే రెండో డాక్టరుకు చూపించండి.

2021 మే నెలలో ఈ కృష్ణపట్నం పేరు దేశమంతా వినబడింది. కరోనా మందు కోసం వేలమంది ఎండలో బారులు తీరారు. ఆ మందు మంచిచెడ్డలు ఈనాటి విషయం కాదు. ఆ బారులు చూసినప్పుడు నాకొకటి అనిపించింది. భయం అందరిదీ అయితే నలుగురితో కలిసి ఎంతసేపైనా నిలబడతాము. ఒక్కరి భయమైతే చీరకొంగు కింద దాచుకుంటాము. ఆ రెండో భయానికి కావలసినది వరసలో మన పక్కన నిలబడే ఒక్క మనిషి.

అందుచేత సోదరులకు ఒక మనవి. ఇంటికి వెళ్ళాక ఇల్లాలినీ, అక్కనూ, వదిననూ ఒక్కమాట అడగండి. మొదటిసారి "ఏమీ లేదు పోండి" అంటారు. రెండోసారి కూడా అడగండి. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి. రక్తం పలచబడే మాత్రలుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపవద్దు. సోదరీమణులారా, మీరు పెళ్ళిళ్ళూ పండుగలూ అయ్యేదాకా ఆగవద్దు. పెళ్ళిళ్ళు ఎప్పుడూ ఉంటాయి, వాటిలో మీరూ ఉండాలి.