ఇంటిపేరు, పేరు, డోర్ నంబరు
(సాంకేతిక వేదికపై చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాల్లో సగంమంది కంప్యూటర్లతో బతికేవాళ్ళు, మిగతా సగంమంది వాళ్ళతో కాపురం చేసేవాళ్ళు. అందుకని ఇద్దరికీ పనికొచ్చే విషయం ఎంచుకున్నాను: పేర్లు పెట్టడం.

నా ఉద్యోగం చిన్న చిన్న పెట్టెల్లో లినక్స్ నడిపించడం. రౌటర్లు, మీటర్లు, ఫ్యాక్టరీ యంత్రాలు వంటివన్నమాట. వాటిలోని చిప్పులో సీరియల్ పోర్టు, ఈథర్నెట్, టైమర్ ఇలా డజన్ల కొద్దీ భాగాలుంటాయి. యూఎస్‌బీ పరికరాన్ని "నువ్వెవరు?" అని అడిగితే జవాబు చెబుతుంది. చిప్పులోపలి భాగాలు చాలావరకు మూగవి. ఏ చిరునామాలో ఎవరున్నారో ముందే ఎవరో రాసిపెట్టాలి. ఆ రాతే డివైస్ ట్రీ. మన మాటల్లో పరికరాల వంశవృక్షం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1994లో ఓపెన్ ఫర్మ్‌వేర్ పేరుతో ప్రమాణంగా వచ్చింది. సన్, ఆపిల్ యంత్రాలు వాడాయి. లినక్స్‌లో ముందు పవర్‌పీసీ, 2011 తర్వాత ఆర్మ్ చిప్పులూ ఈ దారి పట్టాయి.

ఇందులో ఒక్కొక్క భాగానికి మూడు సంగతులు రాస్తాం. మొదటిది, అది చేసే పని: సీరియల్, ఈథర్నెట్, వాచ్‌డాగ్. "డాక్టరుగారు", "పంతులుగారు" అన్నట్టు. రెండోది, ఎట్ గుర్తు పెట్టి చిరునామా. అది డోర్ నంబరు. మూడోది, అసలు పేరు: తయారుచేసిన సంస్థ, ఒక కామా, ఆ తర్వాత మోడల్. గమనించారా? ఇంటిపేరు ముందు, పేరు తర్వాత! అమెరికా వచ్చాక మనం తలకిందులు చేసుకున్న వరుస ఇదే.

ఫ్రీస్కేల్ వారి ఐఎంఎక్స్6 చిప్పులో సీరియల్ పోర్టు తన పేరు చెప్పి, పక్కనే పాత ఐఎంఎక్స్21 పేరు కూడా చెబుతుంది. "నేను ఫలానా. గుర్తుపట్టకపోతే ఆ పెద్దాయన లాంటివాణ్ణే అనుకోండి" అని. ఫ్రీస్కేల్ 2015లో ఎన్‌ఎక్స్‌పీలో కలిసిపోయింది. అయినా ఆ తర్వాత వచ్చిన ఐఎంఎక్స్8 చిప్పులు కూడా 'ఎఫ్‌ఎస్‌ఎల్' అనే ఇంటిపేరే మోస్తున్నాయి. ఊరు వదిలి నాలుగు తరాలైనా ఆ ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్నవాళ్ళు ఈ సభలోనే ఎంతోమంది ఉంటారు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం, ఒక సంస్థలో వాచ్‌డాగ్ టైమర్‌కు పేరు పెట్టే పని నాకొచ్చింది. అది కాపలాకుక్క. సాఫ్ట్‌వేర్ మధ్యమధ్యలో పలకరించకపోతే, యంత్రం బిగుసుకుపోయిందనుకొని రీస్టార్ట్ చేస్తుంది. అప్పటికి ఆ కుటుంబంలో చిప్పులు రెండే. రెండు పేర్లెందుకులే అని చివరి అంకె చోట 'ఎక్స్' పెట్టేశాను. తర్వాత మూడో చిప్పు వచ్చింది. పేరు దానికీ సరిపోయింది, అదే రాశాం. కానీ దాని టైమర్‌కు అందే క్లాకు రెండింతల వేగం. కుక్క సగం సమయానికే కరిచేది.

మా ల్యాబులో ఇది బయటపడలేదు. కస్టమర్ల దగ్గర, రాత్రిపూట పని ఎక్కువైనప్పుడు పెట్టెలు వాటంతటవే రీస్టార్టయ్యేవి. కారణం పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. డ్రైవర్‌ను సరిచేద్దామంటే పాత చిప్పూ కొత్త చిప్పూ ఒకే పేరు చెబుతున్నాయి, దానికి తేడా ఎలా తెలుస్తుంది? కెర్నెల్‌ను దూరం నుంచి మార్చే ఏర్పాటు చేసుకున్నాం కానీ, డివైస్ ట్రీని మార్చే ఏర్పాటు చేసుకోలేదు. ఒక్కొక్క పెట్టె దగ్గరికీ మనిషి వెళ్ళాల్సి వచ్చింది. ఒక చోటికి నేనే వెళ్ళాను. అక్కడి టెక్నీషియన్ అంతా విని, "ఒక్క అక్షరం కోసమా?" అన్నాడు. అవునన్నాను.

అందుకే ఈ రంగంలో పెద్దలు చెప్పేది: 'ఎక్స్' పెట్టి కుటుంబాన్నంతా ఒకే పేరుతో పిలవకండి, ప్రతి చిప్పుకూ దాని పేరు పూర్తిగా రాయండి. ఈనాటి డ్రైవర్‌కు ఏది సులువో అది కాదు, హార్డ్‌వేర్ ఉన్నది ఉన్నట్టు రాయండి. పాత ట్రీ కొత్త కెర్నెల్‌తో కూడా పనిచేయాలి. పేరు పెట్టడమంటే మాట ఇవ్వడమే.

ఆ సంస్థలో నేనిప్పుడు లేను. నేను పెట్టిన పేర్లు మాత్రం ఇంకా ఎక్కడో గోడలకు తగిలించిన పెట్టెల్లో ఉన్నాయి. ఈ రంగంలోకి వస్తున్న మన పిల్లలకు నా మనవి ఒక్కటే. బిడ్డకు పేరు పెట్టేటప్పుడు పదిమందిని అడుగుతాం, పదిసార్లు పలికి చూస్తాం. చిప్పుకు పెట్టేటప్పుడు కనీసం రెండుసార్లు ఆలోచించండి.